ఈల మోగని మైదానం: కాలేజ్‌విల్ యాత్ర

శుక్రవారం

అమెరికా వచ్చిన మనవాళ్లు చూసే చోట్లలో మిన్నెసోటా రాష్ట్రంలోని కాలేజ్‌విల్ ఉండదు. నయాగరా ఉంటుంది, న్యూయార్క్ ఉంటుంది. నేను మాత్రం విమానం దిగినప్పటి నుంచి ఈ ఊరికే తీసుకెళ్లమని మా అల్లుడిని అడుగుతున్నాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పిల్లలకు కబడ్డీ, ఖోఖో నేర్పుతూ ఉద్యోగమంతా గడిపినవాణ్ణి. అమెరికా కళాశాలల ఫుట్‌బాల్‌లో (మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత పట్టుకుని పరిగెత్తే ఆట) అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు గెలిపించిన కోచ్ జాన్ గలార్డి అరవై సీజన్లు పనిచేసింది ఇక్కడి సెయింట్ జాన్స్ కళాశాలలోనే. మొత్తం లెక్క 489 గెలుపులు, 138 ఓటములు, 11 డ్రాలు. లక్ష మంది పట్టే స్టేడియాలు, కోట్ల డాలర్ల బడ్జెట్లు ఉన్న విశ్వవిద్యాలయాల కోచ్‌లు ఎవరూ ఆ అంకెను అందుకోలేదు.

అంకె ఒక్కటే అయితే ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు. నన్ను ఇంత దూరం రప్పించింది ఆయన పద్ధతి. ప్రాక్టీసులో ఆయన ఈల ఊదలేదు. పిల్లలు ఒకరినొకరు గుద్ది పడగొట్టుకోవడాన్ని ప్రాక్టీసులో పూర్తిగా మానిపించారు. ఒంటిని హూనం చేసే కసరత్తులు లేవు, గంటన్నర దాటి ప్రాక్టీసు లేదు. మనిషిని మనిషి ఢీకొట్టడమే ఆటగా ఉన్న ఆటలో ఇలా చేసి అన్ని విజయాలు ఎలా సాధించారన్నది నా ప్రశ్న.

మేపుల్ గ్రోవ్‌లో మా అమ్మాయి ఇంటి నుంచి ఇంటర్‌స్టేట్ 94 మీద వాయవ్యంగా గంటకు పైగా ప్రయాణం. వెళ్తూ ఆ ఊళ్లోనే ఉన్న హిందూ దేవాలయంలో దణ్ణం పెట్టుకున్నాం. మిన్నెసోటా తెలుగువాళ్లకు పండగైనా పెళ్లి చూపులైనా ఆ గుడి ఆవరణే కూడలి. తర్వాత దారికి రెండు వైపులా కోత అయిపోయిన మొక్కజొన్న పొలాలు, వాటి మధ్య ఎత్తైన గాదెలు. అక్టోబరు కదా, మేపుల్ చెట్లు ఎర్రబారి ఉన్నాయి. ఈ ప్రాంతంలో పొలాలు వేసినవాళ్లు ఎక్కువగా జర్మనీ నుంచి వచ్చిన కేథలిక్కులు. వాళ్ల కోసం 1856లో బెనెడిక్టైన్ సన్యాసులు వచ్చి మఠం పెట్టారు, మరుసటి ఏడాదే బడి మొదలుపెట్టారు. అదే నేటి సెయింట్ జాన్స్. మగపిల్లల కళాశాల, విద్యార్థులు రెండు వేల లోపే. కొన్ని కిలోమీటర్ల అవతల సెయింట్ జోసెఫ్ అనే ఊళ్లో ఆడపిల్లలకు సెయింట్ బెనెడిక్ట్ కళాశాల ఉంది. చదువు రెండింటికీ ఉమ్మడి.

కారు దిగగానే కనిపించేది ఫుట్‌బాల్ మైదానం కాదు, మఠం చర్చి. దాని ముందు 112 అడుగుల కాంక్రీటు గంటల గోడ నిలబడి ఉంటుంది. మార్సెల్ బ్రాయర్ అనే ప్రసిద్ధ వాస్తుశిల్పి రూపొందించగా 1961లో పూర్తయింది. లోపల ఉత్తరపు గోడ మొత్తం రంగుటద్దాల గళ్లు. ఇంత చిన్న పల్లెలో ఇంత ధైర్యమైన కట్టడం ఎవరు ఒప్పుకుని ఉంటారా అనిపించింది. ఒప్పుకున్నది ఈ సన్యాసులే. ఎనిమిదేళ్ల ముందు, ఇరవై ఆరేళ్ల గలార్డిని పిలిచి ఫుట్‌బాల్ అప్పగించిందీ వీళ్లే. ఈ రెండు నిర్ణయాలకూ సంబంధం ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎవరూ చేయనిది చేస్తానన్నవాడికి చోటివ్వడం ఇక్కడి అలవాటు.

మధ్యాహ్నం రాతప్రతుల గ్రంథాలయానికి వెళ్లాం. లోకమంతటా శిథిలమవుతున్న రాతప్రతులకు నకళ్లు తీసి భద్రపరిచే పనిని 1965 నుంచి చేస్తున్నారు. ఇథియోపియావి ఉన్నాయి, మన కేరళ సురియాని క్రైస్తవులవి ఉన్నాయి. ఈకల కలాలతో, దూడ తోలు మీద చేత్తో రాయించిన సెయింట్ జాన్స్ బైబిలు పుటలు కూడా చూశాను. 1998లో పని అప్పగిస్తే 2011లో చివరి అక్షరం పడింది. మా అల్లుడికి అది బాగా నచ్చింది. నేను మాత్రం చీకటి పడకముందే మైదానం చూడాలని తొందరపెట్టాను.

క్లెమెన్స్ స్టేడియం అడవి మధ్య పల్లంలో ఉంది. వాలు మీద కుర్చీలు, పైన చెట్లు. ఏడున్నర వేల మంది పడతారు. గేటు తీసే ఉంది. ఖాళీ వరసల మధ్య కూర్చుని మా అల్లుడికి గలార్డి కథంతా చెప్పాను.

కొలరాడోలోని ట్రినిడాడ్ ఆయన ఊరు, 1926లో పుట్టారు. పదహారేళ్లప్పుడు, 1943లో, ఉన్నత పాఠశాల జట్టు కెప్టెన్‌గా ఉండగా వాళ్ల కోచ్‌ను రెండో ప్రపంచ యుద్ధానికి తీసుకెళ్లిపోయారు. జట్టును రద్దు చేస్తామన్నారు. నేనే నేర్పుతానని ఈ కుర్రవాడు పెద్దలను ఒప్పించాడు. చేతికి అధికారం రాగానే చేసిన మొదటి పని, తాను ఆటగాడిగా అసహ్యించుకున్నవన్నీ తీసేయడం. బాతు నడకల కసరత్తు తీసేశాడు. ప్రాక్టీసులో మంచినీళ్లు తాగనిచ్చాడు. ఆ రోజుల్లో దాహంతో ఆడితే గట్టిపడతారని కోచ్‌లు నీళ్లు తాగనిచ్చేవారు కాదు. మన దగ్గర కూడా పరుగు పూర్తయ్యేదాకా కుండ దగ్గరకు వెళ్లనివ్వని డ్రిల్ మాస్టర్లను నేను చూశాను. అందుకే ఆ ఒక్క సంగతి దగ్గర నా గొంతు పెరిగింది.

తర్వాత మోంటానాలోని కారల్ కళాశాలలో నాలుగు సీజన్లు, 24 గెలుపులు. 1953లో సెయింట్ జాన్స్‌కు వచ్చారు. ఆయనకు ముందు ఇక్కడ కోచ్ జానీ బ్లడ్ మెక్‌నల్లీ. గ్రీన్ బే ప్యాకర్స్ అనే వృత్తి జట్టులో ఆడి పేరు తెచ్చుకున్నవాడు, 1963లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలైనప్పుడు తొలి బృందంలో ఉన్నవాడు. అంతటి ఆటగాడికీ ఇక్కడ కోచ్‌గా టైటిల్ దక్కలేదు. గలార్డి వచ్చిన మొదటి ఏడాదే జట్టు మిన్నెసోటా కళాశాలల లీగు టైటిల్ అందుకుంది. ఆయన కాలంలో అలాంటివి 27. పెద్ద ఆటగాడే మంచి గురువు కావాలని లేదని నేను ఏళ్ల తరబడి వాదిస్తూ వచ్చాను. మైదానం చూపిస్తూ ఆ వాదన మళ్లీ వినిపించాను.

రాత్రి బస మఠం అతిథి గృహంలో. వచ్చినవారెవరినైనా ఆదరించాలన్నది బెనెడిక్టైన్ల నియమం. మాకూ అది అందింది.

శనివారం

ఆట మధ్యాహ్నం. పది గంటలకే కార్లు బారులు తీరాయి. ఎర్ర చొక్కాలు, ఎర్ర టోపీలు, పొయ్యి మీద కాలుతున్న సాసేజ్‌ల వాసన. తాతలు మనవలను భుజాల మీద ఎక్కించుకుని వస్తున్నారు. నల్లటి అంగీలు వేసుకున్న సన్యాసులు కూడా జనంలో కలిసి వాలు దిగుతున్నారు. ఈ జట్టు పిల్లలను అందరూ పిలిచే పేరు జానీలు.

ఇది డివిజన్ త్రీ, కళాశాలల ఆటలో మూడో అంచె. అంటే ఆట బాగా ఆడతాడని చెప్పి ఒక్క డాలరు కూడా స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. టీవీలో కనిపించే పెద్ద విశ్వవిద్యాలయాల ఆటగాళ్లు సగం వృత్తి క్రీడాకారులు. ఇక్కడున్నవాళ్లు ఫీజులు కట్టి చదువుకుంటూ ఆడేవాళ్లు. జట్టు వరసగా మైదానంలోకి వస్తుంటే మా అల్లుడు నోరు తెరిచాడు. నూటికి పైగా పిల్లలు, వస్తూనే ఉన్నారు. ఆడేది పదకొండు మందే కదా మామయ్యగారూ అన్నాడు. గలార్డి ఎవరినీ ఎంపికలో తీసేసేవారు కాదు. ఆడతానని వచ్చిన ప్రతివాడికీ చొక్కా దొరికేది.

ఆట తెలియనివారికి నాలుగు మాటలు. వంద గజాల మైదానం. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు, ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు దొరుకుతాయి. బంతితో చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. కర్రల మధ్య నుంచి బంతిని తన్నితే మూడు. బంతి పట్టుకున్నవాడిని కింద పడేయడమే ట్యాకిల్. మన కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ణి పట్టినట్టే, కాకపోతే ఇక్కడ పట్టేవాడు హెల్మెట్ పెట్టుకుని పరుగున వచ్చి ఢీకొంటాడు. వంద కిలోల మనిషి అలా వచ్చి తగిలితే వాలు మీద కూర్చున్న మాకు ఆ చప్పుడు వినిపించింది.

మొదటి అర్ధభాగంలో ఒక పట్టు నేను మరిచిపోలేను. ఎదుటి జట్టు కుర్రవాడు బంతి అందుకుని అంచు వెంట దూసుకుపోతున్నాడు. జానీల వెనుక వరసలోని రక్షకుడు తొందరపడలేదు. అతడి వైపు నేరుగా పరిగెత్తకుండా, అతడు చేరబోయే చోటికి నడిచినట్టే వెళ్లి నిలబడ్డాడు. నడుము దగ్గర రెండు చేతులూ వేశాడు. తల పక్కకు ఉంది, కాళ్లు ఆగలేదు. ఇద్దరూ పడ్డారు, ఇద్దరూ లేచారు. ఎక్కడ నిలబడాలో ముందే తెలిసినవాడికి గుద్దాల్సిన అవసరం తక్కువ. నా ప్రశ్నకు సగం జవాబు అక్కడ దొరికింది.

మిగతా సగం పక్క వరసలో కూర్చున్న పెద్దాయన ఇచ్చారు. 1970లలో ఇక్కడ ఆడారట. ఇండియా నుంచి వచ్చిన వ్యాయామ ఉపాధ్యాయుడినని మా అల్లుడు చెప్పగానే జరిగి చోటిచ్చారు. గలార్డి ప్రాక్టీసులో గంటన్నరసేపూ ఆడబోయే ఎత్తుగడలనే మళ్లీ మళ్లీ చేయించేవారట. నిక్కర్లు, మామూలు చొక్కాలే వేసుకునేవారు. ఎవరు ఎటు కదిలితే ఏం చేయాలన్నది ఆలోచించకుండానే వచ్చేదాకా చేయించేవారు, పడగొట్టే క్షణం దగ్గర ఆపేసేవారు. మిగతా జట్ల పిల్లలు శనివారానికి దెబ్బలతో, అలసటతో వచ్చేవారు, మేం తాజాగా వచ్చేవాళ్లం అన్నారు. దోమలు ఎక్కువైతే ప్రాక్టీసు ఆపేసేవారట. కసరత్తు పేరుతో ఒకటి ఉండేదని చెప్పి ఆయన కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. అందరూ వెల్లకిలా పడుకోవాలి, పక్కవాడి వైపు తిరిగి ఈ రోజు ఎంత బాగుందో అని చెప్పాలి. అంతే, కసరత్తు అయిపోయింది.

కోచ్‌ను ఏమని పిలిచేవారని అడిగాను. జాన్ అనే. కోచ్ అని పిలవడం ఆయన దగ్గర నిషిద్ధం. ఇది వింటే మన ఊళ్లో గురువులు నొచ్చుకుంటారు. నాకు మాత్రం ఇందులో అగౌరవం కనిపించలేదు. ఆయన పేరు పలుకుతుంటే ఈ పెద్దాయన గొంతులో ఉన్న మర్యాదను అందరూ వినాలి.

విరామంలో నేను గంటసేపైనా చెప్పగలిగిన విజయాల ముచ్చట మొదలైంది. 1963లో తొలి జాతీయ టైటిల్. శాక్రమెంటోలో జరిగిన ఫైనల్లో టెక్సస్‌కు చెందిన ప్రెయిరీ వ్యూ జట్టును 33–27తో ఓడించారు. ప్రెయిరీ వ్యూ నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన కళాశాల, గొప్ప జట్టు. రెండేళ్లకు 1965లో లిన్‌ఫీల్డ్ మీద 33–0. మూడోది 1976లో, డివిజన్ త్రీలో, టౌసన్ మీద 31–28. ఆ తర్వాత ఇరవై ఏడేళ్ల ఎదురుచూపు. ఆ మధ్య కాలంలో కూడా జట్టు ఊరికే లేదు, 1993లో మ్యాచ్‌కు సగటున 61.5 పాయింట్లు చేసింది. టైటిల్ మాత్రం రాలేదు.

2003 గురించి చెప్పేటప్పుడు పెద్దాయన లేచి నిలబడ్డారు. ఆ ఏడాది నవంబరు 8న ఇదే మైదానంలో, 13 వేలకు పైగా జనం మధ్య, బెథెల్ మీద 29–26తో గెలిచారు. అది గలార్డికి 409వ విజయం. దాంతో లూసియానాలోని గ్రాంబ్లింగ్ కోచ్ ఎడ్డీ రాబిన్సన్ 408 విజయాల రికార్డు దాటారు. వర్ణవివక్ష కాలంలో నల్లజాతి యువకులకు ఆటలో దారి చూపిన మహానుభావుడు రాబిన్సన్. ఒకరు లూసియానాలో, ఒకరు మంచు కురిసే మిన్నెసోటాలో, ఇద్దరూ చిన్న కళాశాలల్లోనే జీవితమంతా ఉండిపోయారు. అదే సీజన్ డిసెంబరులో వర్జీనియాలోని సేలంలో ఫైనల్. ఎదుట ఒహాయోకు చెందిన మౌంట్ యూనియన్, వరసగా 55 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన జట్టు. జానీలు 24–6తో ఆ పరంపరను తెంచారు. సీజన్ మొత్తంలో 14 ఆడి 14 గెలిచారు. ఆ ఏడాది డివిజన్ త్రీ ఉత్తమ ఆటగాడు కూడా జానీయే, బ్లేక్ ఎలియట్. ఆ బహుమతి పేరు గలార్డి ట్రోఫీ, 1993 నుంచి ఇస్తున్నారు. అప్పటికి గలార్డి కోచ్‌గా పనిచేస్తూనే ఉన్నారు.

రెండో అర్ధభాగంలో ఎర్ర చొక్కాలు నిలకడగా ముందుకు పోయాయి, గెలిచాయి. అయిపోగానే జనం మైదానంలోకి దిగారు. చెమటతో తడిసిన ఆటగాళ్ల చుట్టూ తల్లిదండ్రులు, తమ్ముళ్లు, చెల్లెళ్లు చేరారు. ఒక్క నిమిషం కూడా ఆడని పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ల అమ్మలూ ఫొటోలు తీసుకుంటున్నారు. నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది ఇదే. మన పాఠశాల జట్లలో పన్నెండో పేరు దగ్గర జాబితా ముగిసినప్పుడు వెనక్కి తిరిగి నడిచే పిల్లల ముఖాలు నాకు బాగా తెలుసు.

ఆదివారం

పొద్దున చర్చిలో సన్యాసుల గానం విన్నాం. తర్వాత సాగటాగన్ సరస్సు ఒడ్డున అడవి దారి పట్టుకుని అవతలి ఒడ్డున ఉన్న చిన్న ప్రార్థనా మందిరం దాకా నడిచాం. 1894లో సుడిగాలి వచ్చి ఇక్కడి చెట్లను కూల్చేస్తే, సన్యాసులు పైన్ మొక్కలు తెచ్చి నాటారు. వసంతంలో మేపుల్ చెట్లకు గాట్లు పెట్టి పాకం తీయడం 1942 నుంచి చేస్తున్నారు.

నడుస్తూ మా అల్లుడు ఒక మంచి ప్రశ్న వేశాడు. గుద్దులు లేని ప్రాక్టీసు ఇంత బాగా పనిచేస్తే మిగతావాళ్లు ఎందుకు నేర్చుకోలేదు అని. నేర్చుకున్నారు, చాలా ఆలస్యంగా. తలకు పదేపదే తగిలే దెబ్బలు మెదడును ఎంత పాడుచేస్తాయో వైద్యులు బయటపెట్టాక భయం మొదలైంది. డార్ట్‌మత్ కళాశాల కోచ్ బడ్డీ టీవెన్స్ 2010లో ప్రాక్టీసులో ట్యాకిళ్లు ఆపేశారు. 2016లో, డార్ట్‌మత్ కూడా ఉన్న ఐవీ లీగు కోచ్‌లందరూ సీజన్ మధ్య ప్రాక్టీసుల్లో వాటిని వద్దని తీర్మానించారు. హార్వర్డ్, యేల్ లాంటి చోట్ల ఇది పెద్ద వార్త. కాలేజ్‌విల్‌లో అప్పటికి అది దశాబ్దాల నాటి మామూలు సంగతి. గలార్డి అప్పటికి రిటైరయ్యారు కూడా. 2012 ఆయన చివరి సీజన్. 2018 అక్టోబరు 7న, 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ముందే అందరూ వినుంటే ఎంతమంది పిల్లల తలలు క్షేమంగా ఉండేవి! ఈ మాట దగ్గర నాకు కోపం వస్తుంది. రహస్యంగా ఏమీ చేయలేదు ఆయన. గెలుస్తూనే ఉన్నారు, అడిగినవారికి చెబుతూనే ఉన్నారు.

వస్తూ సెయింట్ జాన్స్ రొట్టె కొన్నాం. ముదురు రంగు, గట్టి గోధుమ రుచి. మా అమ్మాయికి ఒకటి పట్టుకెళ్లాం.

సోమవారం

మిన్నియాపొలిస్ నగరంలో టార్గెట్ ఫీల్డ్ బయటి నుంచి చూశాను. అది బేస్‌బాల్ మైదానం. 2017 సెప్టెంబరు 23న ఇక్కడ సెయింట్ జాన్స్‌కూ, సెయింట్ పాల్ నగరంలోని సెయింట్ థామస్‌కూ జరిగిన మ్యాచ్‌కు 37,355 మంది వచ్చారు. డివిజన్ త్రీ చరిత్రలోనే అంత జనం ఎప్పుడూ రాలేదు. సెయింట్ థామస్ 20–17తో గెలిచింది. 1901 నుంచి నడిచిన పోటీ అది, రాష్ట్రమంతా ఎదురుచూసేది.

ఇప్పుడు అది ఆగిపోయింది. సెయింట్ థామస్‌లో డిగ్రీ విద్యార్థులే ఆరు వేలకు పైగా. లీగులోని మిగతా కళాశాలలు ఆ బలానికి తట్టుకోలేకపోయాయి. 2017లో సెయింట్ ఓలఫ్‌ను 97–0తో ఓడించాక గొడవ ముదిరింది. 2019లో ఆ విశ్వవిద్యాలయాన్ని లీగు నుంచి సాగనంపాలని నిర్ణయించారు. 2021లో అది నేరుగా డివిజన్ వన్‌కు వెళ్లిపోయింది. చిన్న కళాశాలల వైపు నుంచి చూస్తే ఆ నిర్ణయంలో న్యాయం ఉంది, ఉజ్జీ కాని పోటీలో పిల్లలను దెబ్బలు తినమనడం తగదు. అయినా నూరేళ్లు దాటిన పోటీ పోయిందంటే బాధ కలిగింది. 2019 అక్టోబరులో లీగులో ఆఖరిసారి తలపడినప్పుడు జానీలే 38–20తో గెలిచారని గుర్తు చేసుకున్నాను.

సాయంత్రం, అంటే మన దగ్గర తెల్లవారుజామున, ఒకప్పటి నా విద్యార్థిని ఫోను చేసింది. ఇప్పుడు తను కూడా జిల్లా పరిషత్ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయిని, ఆడపిల్లల కబడ్డీ జట్టును తయారుచేస్తోంది. చూసినదంతా చెప్పాను. ఓపికగా విని, పట్టు నేర్పకుండా కబడ్డీ ఎలా మాస్టారూ అంది. పట్టు నేర్పమ్మా, చోటు, అడుగు, చేతి వాటం అన్నీ నేర్పు, లాగి పడేయడం ఒక్కటి మ్యాచ్‌కు ఉంచు అన్నాను. మట్టి మైదానంలో మోకాళ్లు చీరుకుపోవడం సగం తగ్గుతుందేమో, ఈ నెల చేసి చూస్తాను అంది. తర్వాత అసలు చిక్కు బయటపెట్టింది. గంటన్నర ప్రాక్టీసు ఆయనకు తక్కువ సమయం మాస్టారూ, మాకు ఆటల పీరియడు నలభై నిమిషాలు, అందులో సగం లెక్కల మాస్టారు అడిగి తీసుకుంటారు. ఆ నలభై నిమిషాలూ నీ దగ్గరే ఉండేలా ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడమని, కావాలంటే నేను ఉత్తరం రాస్తానని చెప్పాను. రాయండి మాస్టారూ, ఆ 489 అంకె పైనే పెద్దగా కనిపించేటట్టు రాయండి అంది.